మన ఎండకి, మన దుమ్ముకి ఏ ఇన్‌టేక్? ఆక్టావియా ఆర్‌ఎస్‌లో మూడేళ్ల అనుభవం

నా కారు స్కోడా ఆక్టావియా ఆర్‌ఎస్. 2017 మోడల్, సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. రెండు లీటర్ల టర్బో పెట్రోల్, 230 హార్స్ పవర్. ఇల్లు విజయవాడ పటమటలో, పని గుంటూరు కోల్డ్ స్టోరేజీల దగ్గర. వారానికి ఐదు రోజులు బెంజ్ సర్కిల్, వారధి, మంగళగిరి, కాజ టోల్‌గేట్ మీదుగా రానుపోను ప్రయాణం. ఇప్పుడున్న ఇన్‌టేక్‌తో, అంటే ఇంజిన్‌కి గాలి అందించే పైపు, ఫిల్టర్ కిట్‌తో, మూడేళ్లలో 46 వేల కిలోమీటర్లు తిరిగాక ఇది రాస్తున్నాను.

మొదట పెట్టించింది ఇది కాదు. ఓపెన్ కోన్ ఫిల్టర్. ఫిల్టర్ ఉండే కంపెనీ ఎయిర్ బాక్స్ తీసేసి, పైపు చివర నేరుగా ఫిల్టర్ బిగిస్తారు. ఆటోనగర్‌లో అరగంట పని. యాక్సిలరేటర్ వదిలినప్పుడల్లా టర్బో బుస్సుమనే శబ్దం క్యాబిన్‌లోకి వినపడేది. ఆ శబ్దం నాకు ఇప్పటికీ ఇష్టమే. కానీ మే నెల వచ్చేసరికి సిగ్నల్ దగ్గర కారు కదలడంలో మునుపటి ఊపు లేదని అనిపించింది.

అనిపించడం వేరు, కొలవడం వేరు. చేపల తొట్టెల్లో వాడే వైరున్న థర్మామీటర్ ఒకటి కొన్నాను. దాని మొనని ఫిల్టర్ పక్కన టేపుతో అంటించి, వైరుని డోరు సందులోంచి లోపలికి లాగాను. బయట 43 డిగ్రీలు. బెంజ్ సర్కిల్ దగ్గర మూడు నిమిషాలు ఆగేసరికి ఫిల్టర్ దగ్గర 69. వారధి దాటి స్పీడు అందుకున్నాక కూడా 50కి దిగడానికి మూడు నాలుగు నిమిషాలు పట్టింది. గాలి మూడు డిగ్రీలు వేడెక్కితే దాని సాంద్రత దాదాపు ఒక శాతం తగ్గుతుంది. ఆ లెక్కన బయటి గాలికంటే ఎనిమిది శాతం పల్చటి గాలిని నా ఇంజిన్ పీలుస్తోంది. టర్బో కారులో ఇంటర్‌కూలర్ (టర్బో నొక్కి పంపే గాలిని చల్లబరిచే భాగం) కొంత వేడి లాగేస్తుంది, టర్బో ఇంకాస్త వేగంగా తిరిగి కొంత లోటు పూడుస్తుంది. టర్బో లేని ఇంజిన్‌కి ఆ దన్ను కూడా ఉండదు.

ఇక చల్లగాలి కావాలంటే ఫిల్టర్‌ని కిందికి, బంపర్ వెనక్కి దించే రకం ఉంది. ఇంజిన్ వేడికి దూరంగా ఉంటుంది కాబట్టి నిజంగానే మంచి గాలి అందుతుంది. అదే పెట్టించుకుందామని వెళితే ఆటోనగర్‌లో మా మెకానిక్ బాబాయ్ నన్ను లోపలికి తీసుకెళ్లి, ఇంజిన్‌లోకి నీళ్లు పోయిన వేరే కారు కనెక్టింగ్ రాడ్ (పిస్టన్‌కి తగిలించి ఉండే ఇనుప కడ్డీ) వంగిపోయింది చూపించాడు. బల్ల మీద పెడితే రెండు చివరలే ఆనుతున్నాయి, మధ్యలో వేలు దూరేంత సందు. "గాలి నలుగుతుంది గానీ నీళ్లు నలగవు బాబూ. మన రోడ్ల మీద ఫిల్టర్ కిందికి పెట్టకు" అన్నాడు. అక్కడితో ఆ ఆలోచన మానేశాను. 2024 ఆగస్టు 31న కుండపోత వాన కురిసింది, మర్నాడు బుడమేరు సింగ్ నగర్‌ని ముంచేసింది. ఆ వానలో మా వీధిలో అర చక్రం దాకా నీళ్లు. నెమ్మదిగా ఇల్లు చేరి, ఇప్పుడున్న ఇన్‌టేక్ బాక్స్ విప్పి చూస్తే ఫిల్టర్ పొడిగా ఉంది. బాబాయ్ మాట వినకపోయి ఉంటే ఏమయ్యేదో తలచుకుంటే ఇప్పటికీ టెన్షనే.

చివరికి ఎంచుకున్నది మూత ఉన్న బాక్స్ రకం. గ్రిల్ వెనక, రేడియేటర్ పైనుంచి కంపెనీ దారిలోనే గాలి తీసుకుంటుంది. పైపు, ఫిల్టర్ మాత్రం పెద్దవి. కస్టమ్స్‌తో కలిపి 41 వేలయింది. అదే సిగ్నల్ దగ్గర, అదే ఎండలో 55 చూపించింది. వారధి ఎక్కిన నిమిషంలోనే 46కి దిగింది.

ఫిల్టర్ విషయంలో నూనె పట్టించిన కాటన్ వద్దనుకుని పొడి రకం తీసుకున్నాను. కె అండ్ ఎన్ లాంటి కాటన్ ఫిల్టర్లని కడిగి మళ్లీ నూనె పట్టించాలి. ఆ నూనె ఎక్కువైతే, గాలిని కొలిచే సెన్సర్ ఉన్న కార్లలో దాని తీగకి అంటుకుని రీడింగ్ తప్పుతుంది. నాకైతే దుమ్ము అసలు సమస్య. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా మిర్చి యార్డు చుట్టుపక్కల తిరిగిన ఫిల్టర్ విప్పితే మడతల మధ్య బూడిద రంగు దుమ్ము, అందులో ఇటుక రంగు నలుసులు. పెరట్లో అరచేతికేసి తడితే కళ్లు మండాయి. వంటింట్లోంచి అమ్మ దగ్గుతూ "మిరపకాయలు దంచుతున్నావేంట్రా" అంది. అందుకే ఐదు వేల కిలోమీటర్లకోసారి తప్పకుండా విప్పుతాను. ఫిల్టర్ దాటాక పైపు లోపల తెల్లగుడ్డతో తుడిచి చూస్తాను. ఓపెన్ కోన్ ఉన్నప్పుడు గుడ్డకి సన్నటి మట్టి అంటేది, ఇప్పుడు అంటడం లేదు. నా దృష్టిలో ఈ కిట్‌కి పెట్టిన డబ్బుకి అదే పెద్ద ప్రతిఫలం.

పికప్ పెరుగుతుందని మాత్రం కొనకండి. మా బావమరిది పక్కన కూర్చుని 60 నుంచి 100కి పట్టే టైమ్‌ని స్టాప్‌వాచ్‌తో ఆరుసార్లు కొలిచాడు. పాత బాక్స్‌తో, దీంతో తేడా తేలలేదు. మైలేజ్ కూడా అంతే, ఊళ్లో 9, హైవే మీద 14. రీమ్యాప్ (పవర్ కోసం ఇంజిన్ కంప్యూటర్ సెట్టింగులు మార్చడం) చేయించుకునేవాళ్లకి ఇది పనికొస్తుంది. మామూలు కారుకి పాత బాక్స్‌లోనే మంచి ఫిల్టర్ వేసి, దాన్ని టైముకి మారిస్తే చాలు. వారంటీ ఉన్న కారైతే ముందు సర్వీస్ సెంటర్‌లో అడిగి తీరాలి.

నన్ను బాధపెట్టిన లోపం ఒకటుంది. రెండో ఎండాకాలానికి మూత అంచున ఉన్న రబ్బరు బీడింగ్ గట్టిపడి పెళుసెక్కి, ఒక మూల చీలిపోయింది. ఇంజిన్ వేడి ఆ సందులోంచి దూరుతోంది. కంటికి కనపడలేదు, థర్మామీటర్ 62 చూపించాకే వెతికితే దొరికింది. ఇంత డబ్బు తీసుకున్న తయారీదారులకి రెండుసార్లు మెయిల్ పెట్టినా జవాబు లేదు. ఆటోనగర్‌లోనే కారు డోర్లకి వేసే బీడింగ్ మీటరున్నర కొని, పాతదాన్ని గీకేసి, గమ్ముతో అతికించాం. మరుసటి రోజు మధ్యాహ్నం బెంజ్ సర్కిల్ దగ్గర మళ్లీ 55 కనిపించింది.