జలాశయం బాగుంది, కట్ట బాగోలేదు: ఒక ప్రైవేటు విహార కేంద్రంపై సమీక్ష

పడవ షికారు, గాలపు చేపల వేట, బస చేయడానికి కుటీరాలు గల ఈ విహార కేంద్రం గురించి సందర్శకులు చెప్పే మాటలన్నీ గదుల శుభ్రత, నీటి అందం చుట్టూనే తిరుగుతాయి. ఆ విషయాల్లో నాకూ ఫిర్యాదు లేదు. పడవలు కొత్తవి, లైఫ్ జాకెట్లు అందరికీ సరిపడా ఉన్నాయి, సిబ్బంది మర్యాదస్తులు. అయితే ఈ వినోదమంతా ఒక మట్టికట్ట ఆపి ఉంచిన నీటి మీదే నడుస్తోంది కనుక, ఈ సమీక్షను ఆ కట్టకే పరిమితం చేస్తున్నాను.

కట్ట ఎత్తు చూపుకు ఎనిమిది మీటర్లకు మించదు. అంతర్జాతీయ భారీ ఆనకట్టల సంఘం నిర్వచనం ప్రకారం భారీ ఆనకట్ట అనిపించుకోవాలంటే ఎత్తు కనీసం 15 మీటర్లు ఉండాలి, లేదా 5 నుంచి 15 మీటర్ల మధ్య ఉండి 30 లక్షల ఘనపు మీటర్లకు మించి నీరు పట్టాలి. ఇక్కడ అంత నీరు పట్టదు కనుక ఈ కొలతలకు ఇది చాలా దూరం. చిన్నకట్ట ఏం చేస్తుందిలే అన్న ధీమా నిర్వాహకుల మాటల్లో వినిపించింది గానీ, అమెరికాలోని జార్జియా రాష్ట్రంలో ఒకప్పుడు విద్యుత్తు కోసం వాడి, తర్వాత విహారానికి మిగిల్చిన కెల్లీ బార్న్స్ కట్ట కూడా భారీదేమీ కాదు. 1977 నవంబరు 6న అది తెగి, దిగువనున్న కళాశాల ప్రాంగణం మీద పడినప్పుడు 39 మంది చనిపోయారు.

నీటివైపు వాలుకు రాతి పరుపు ఉంది. మోటారు పడవల అలలు అదే పనిగా ఒకే మట్టాన తగులుతుండటంతో ఆ వరసలో రాళ్లు జారి, వెనక మట్టి బయటపడింది. రాళ్లు తిరిగి పేర్చి, కట్ట దగ్గర పడవల వేగం తగ్గిస్తే సరిపోతుంది. కట్ట పైభాగాన వేసిన నడక దారి మాత్రం చక్కగా ఉంది. పగుళ్లు గానీ, కుంగిన చోట్లు గానీ నాకు కనిపించలేదు.

అసలు సంగతి అతిథులెవరూ దిగని పొడివైపు వాలులో ఉంది. నీడ కోసం, అందం కోసం అక్కడ చెట్లు పెంచారు. మట్టికట్టకు పొట్టి గడ్డి మేలు చేస్తుంది, చెట్టు చేటు చేస్తుంది. పెనుగాలికి చెట్టు కూలితే వేళ్లతో పాటు కట్ట మట్టి పెళ్లగిలుతుంది. చెట్టు చచ్చి వేళ్లు కుళ్లితే అవి ఉన్న మేర నీటికి దారి ఏర్పడుతుంది. పొదల మాటున పందికొక్కుల బొరియలు కనిపించాయి, కనిపించనివి ఎన్నో తెలియదు. పెద్ద చెట్లను ఇప్పుడు ఉన్నపళంగా నరికి మొదళ్లు వదిలేయడం కూడా పరిష్కారం కాదు. వేళ్లు తవ్వి తీసి, ఆ గుంటలను తగిన మట్టితో పొరలు పొరలుగా దిమ్మిస చేసి పూడ్చాలి; ఆ పని ఇంజనీరు కళ్లెదుట జరగాలి.

కట్ట పాదం దగ్గర నేల చిత్తడిగా ఉండి, తుంగ పెరిగింది. మట్టికట్ట అన్నాక కొంత ఊట సహజం, ఇక్కడ కారుతున్న నీరు తేటగానే ఉంది. నీరు బురదగా మారిన రోజు కట్ట లోపలి మట్టి కొట్టుకుపోతున్నట్టు లెక్క; బుంగ పెద్దదై గండి పడటానికి ఆ తర్వాత కొన్ని గంటలు కూడా పట్టకపోవచ్చు. ఊటను ఒక కాలువలోకి మళ్లించి కొలిచే ఏర్పాటేదీ లేదు కాబట్టి, అది నిరుటి కంటే పెరిగిందో తగ్గిందో చెప్పగలిగే వారు అక్కడ లేరు.

కట్ట అడుగు నుంచి నీటిని బయటికి వదిలే తూము చక్రం తుప్పు పట్టి బిగుసుకుపోయింది. దాన్ని తిప్పే అవసరం ఎన్నడూ రాలేదని నిర్వాహకుడు మర్యాదగానే చెప్పాడు. పడవల కోసం నీటిని ఎప్పుడూ నిండా ఉంచుతారు గనుక ఆ అవసరం వస్తే ఆపదలోనే వస్తుంది.

జలాశయం నిండినప్పుడు మిగులు నీరు కట్ట మీదుగా పొర్లకుండా బయటికి పోయే దారి అలుగు; దాని విషయంలో నాకు సహనం తక్కువ. చేపలు పోకుండా దానికి అడ్డంగా ఇనుప వల బిగించారు, వల నిండా ఆకులు, కొమ్మలు పేరుకున్నాయి. పెన్సిల్వేనియాలో సంపన్నుల వేట, చేపల క్లబ్బు చేతిలో ఉన్న సౌత్ ఫోర్క్ ఆనకట్టకు సరిగ్గా ఇలాంటి చేపల వలే ఉండేది. నీటిని కిందికి వదిలే గొట్టాలను అంతకు ముందే తీసేశారు, బండ్లు నడవడానికి వీలుగా కట్ట తలను కూడా తగ్గించారు. 1889 మే 31న కుండపోత వానకు నీరు కట్ట మీదుగా పొర్లి గండి పడింది, దిగువ జాన్స్‌టౌన్‌లో 2,209 మంది ప్రాణాలు పోయాయి. మట్టికట్ట మీదుగా నీరు పొర్లితే ఏమవుతుందో ఇంత కాలం తర్వాత కూడా ఒక విహార కేంద్రానికి విడమరిచి చెప్పవలసి రావడం విచారకరం.

వీటన్నిటికీ తోడు, కొత్త కుటీరాలను కట్టకు దిగువనే, పాత వాగు ఒడ్డున కట్టారు. ఆనకట్ట ప్రమాద శ్రేణిని చాలా చోట్ల దాని స్థితిని బట్టి కాక, తెగితే దిగువన జరిగే నష్టాన్ని బట్టి నిర్ణయిస్తారు. పొలాలు మాత్రమే ఉన్నప్పుడు తక్కువ శ్రేణిలో ఉండే కట్ట, మనుషులు నిద్రించే గదులు వెలిసిన నాడే పై శ్రేణికి చేరుతుంది. ఆ గదుల్లో అత్యవసర సూచనలు గానీ, ఏ గట్టుకు ఎక్కాలో చూపే పటం గానీ లేవు. ఇటీవలి తనిఖీ నివేదిక అడిగితే చూపలేకపోయారు.

పడవ షికారుకు ఐదింటికి నాలుగు, కట్టకు ఐదింటికి ఒకటిన్నర ఇస్తాను. పగటి పూట వెళ్లి రావడానికి, వాన లేని రోజుల్లో, అభ్యంతరం లేదు. రాత్రి ఉండదలచిన వారు ఎగువ ఒడ్డున ఉన్న పాత కుటీరాలనే అడగండి. వల తీసేస్తామని నిర్వాహకులు మాట ఇచ్చారు. తీశారో లేదో అలుగు మీది కాలిబాట వంతెన నుంచి ఎవరైనా చూడవచ్చు.