కరెంటు తీగ స్తంభం మీద మేలా, భూమిలో మేలా?

తుపాను వెలిసిన మర్నాడు విరిగిపడిన కరెంటు స్తంభాలను చూసి అందరూ అడిగేది ఒకటే: తీగలన్నీ భూమిలో వేసేస్తే ఈ పీడ వదిలిపోతుంది కదా?

గాలి, మంచు మాత్రమే శత్రువులైతే నిజంగానే వదిలిపోతుంది. 1998 జనవరిలో కెనడాలోని క్యుబెక్‌లో రోజుల తరబడి గడ్డకట్టే వాన కురిసింది. తీగలకు పట్టిన మంచు బరువుకు సుమారు వెయ్యి ఉక్కు టవర్లు కూలాయి. ఒకటి ఒరిగితే తీగలు పక్కదాన్నీ లాగేశాయి. అందుకే ఆ తర్వాత లైన్లలో అక్కడక్కడా మరీ బలమైన టవర్లు నిలబెట్టారు, కూలడం మొదలైనా అక్కడితో ఆగేలా.

అయితే భూమి కూడా కదులుతుంది. 2011 ఫిబ్రవరిలో న్యూజిలాండ్‌లోని క్రైస్ట్‌చర్చ్‌ను భూకంపం కుదిపినప్పుడు, నీరు నిండిన ఇసుక నేల బురదలా జారి భూగర్భంలోని 66 కిలోవోల్టుల కేబుళ్లను పాడుచేసింది. నగరం తూర్పు వైపుకు కరెంటు అందించడానికి అప్పటికప్పుడు ఏం వేశారనుకున్నారు? స్తంభాల మీద తీగలే!

అసలు తేడా మరమ్మతులో ఉంది. స్తంభం పడితే ఎక్కడ పడిందో దారిన పోయేవారికీ తెలుస్తుంది. కొత్తది పాతి, తీగ లాగి, బిగిస్తే పని అయిపోతుంది. కేబుల్ చెడితే పైకి ఏమీ కనబడదు. ఒక కొస నుంచి క్షణకాలపు విద్యుత్ తరంగాన్ని (పల్స్) పంపి, అది లోపం దగ్గర తగిలి వెనక్కి రావడానికి పట్టిన సమయాన్ని బట్టి దూరం లెక్కగట్టాలి. అక్కడ తవ్వాలి, ఊరిన నీటిని తోడాలి, గుంత మీద గుడారం వేయాలి. ఎందుకంటే జాయింటు వేసేటప్పుడు ఇన్సులేషన్‌లో (కరెంటు బయటికి పోకుండా తీగ చుట్టూ ఉండే పొరలో) చిన్న దుమ్ము రేణువో చెమట చుక్కో చిక్కినా, అదే చోట కేబుల్ మళ్లీ పేలవచ్చు. ఈ పని తెలిసినవారు ఎక్కడైనా కొద్దిమందే. ఇక ఖర్చంటారా, భూగర్భ కేబుల్‌కు పైతీగ కంటే అనేక రెట్లు.

అందుకని నా లెక్క ఇది. ఇళ్లు కిక్కిరిసి, గాలివానలే ఎక్కువైన నగరాల్లో కేబులే మేలు. దూరం వెళ్లే పెద్ద లైన్లకు బలపరిచిన టవర్లు చాలు. కానీ చేతిలో ఉన్న మొదటి రూపాయిని ఈ రెండింటికీ ఇవ్వను, సబ్‌స్టేషన్‌ను ఎత్తు చేయడానికి ఇస్తాను. 2012 అక్టోబరులో శాండీ తుపాను వచ్చేనాటికే న్యూయార్క్ నగరంలోని దిగువ మన్‌హాటన్ తీగలన్నీ భూమిలో ఉన్నాయి. అయినా ఆ ప్రాంతం దాదాపు నాలుగు రోజులు చీకట్లోనే ఉంది. తూర్పు 13వ వీధి సబ్‌స్టేషన్‌ను పన్నెండున్నర అడుగుల ఉప్పెనకు సిద్ధం చేశారు. వచ్చింది సుమారు 14 అడుగులు. ఆ అడుగున్నర ముందు భూగర్భ కేబుళ్లన్నీ అక్కరకు రాకుండా పోయాయి.

2011 మార్చి సునామీలో జపాన్‌లోని ఫుకుషిమా దాయిచీ అణు విద్యుత్ కేంద్రంలోనూ ఇంతే. అత్యవసర డీజిల్ జనరేటర్లలో అనేకం కింది అంతస్తుల్లో మునిగాయి. ఆరో రియాక్టర్ యూనిట్‌కు చెందిన ఒక్క జనరేటర్ మాత్రం కాస్త ఎత్తైన చోట ఉంది, చల్లబడటానికి దానికి సముద్రపు నీటితో పని లేదు, దాని స్విచ్‌గేర్‌కూ (కరెంటును పంచే స్విచ్చుల పెట్టెలకూ) వరద అందలేదు. ఐదు, ఆరు యూనిట్లు రెండూ దాని మీదే గట్టెక్కాయి.