సాయం పంపే ముందు గూగుల్ లెన్స్: నా అనుభవం

ముక్కూ మొహం తెలియనివాళ్లు ఆన్‌లైన్‌లో 'పాపకి ఆపరేషన్, ఆదుకోండి' అని ఫొటో పెడితే నా చెయ్యి ఆగదు, అలా ఒకసారి పంపేశాక తెలిసింది ఆ ఫొటో ఎప్పటిదో, ఇంకెవరిదో అని. అప్పట్నుంచి ముందు ఫొటోని గూగుల్ లెన్స్‌లో (ఫొటో ఇస్తే నెట్‌లో వెతికిపెట్టే టూల్) వేసి చూస్తున్నా. 2017లో వచ్చిన ఈ టూల్ ఉచితం, అదే ఫొటో వేరే కథతో ఇంకెక్కడైనా ఉంటే చాలాసార్లు పట్టేస్తుంది. ఏమీ దొరకలేదంటే మాత్రం అడిగేవాళ్లు నిజం చెబుతున్నారని కాదు, కొత్తగా తీసిన ఫొటోనో ఏఐ బొమ్మో అయితే దానికేం తెలుస్తుంది పాపం! అందుకే ఆస్పత్రికి నేనే ఫోన్ చేస్తా, అదీ వాళ్లిచ్చిన నంబర్‌కి కాదు, విడిగా వెతికి పట్టుకున్నదానికి. డబ్బు కూడా నేరుగా ఆస్పత్రి ఖాతాకే. లెన్స్‌కి మాత్రం అయిదుకి నాలుగు స్టార్లు.