దిమ్మగా ఉంచాలా, ముక్కలు కొట్టాలా?

గంగజాతర రోజుల్లో తిరుపతిలో వీధివీధికీ మజ్జిగ పందిరి లేస్తుంది. మే నెల ఎండ 40 డిగ్రీలు దాటితే పొద్దున తెచ్చిన ఐస్ మధ్యాహ్నానికి నీళ్లే. అందుకే పందిరి దగ్గర ఒక వాదన నడుస్తుంటుంది: ఐస్‌ను దిమ్మగానే ఉంచాలా, తెచ్చిన వెంటనే కొట్టేయాలా? నన్నడిగితే దాచుకోవడానికి దిమ్మ, చల్లబరచడానికి ముక్కలు. ఈ రెండు పనులనీ కలిపేస్తేనే డబ్బు దండగ.

ఐస్ చలువంతా అది కరగడంలోనే ఉంది. సున్నా డిగ్రీల దగ్గర కిలో ఐస్ కరగాలంటే 334 కిలోజౌళ్ల వేడి కావాలి. కిలో నీళ్లను సున్నా నుంచి 80 డిగ్రీల దాకా కాచడానికి కూడా దాదాపు ఇంతే పడుతుంది. ఇంత వేడి లాగేసుకున్నా, పూర్తిగా కరిగేదాకా ఐస్ ఉష్ణోగ్రత సున్నా దాటదు. బడిలో గుప్తోష్ణం అని చదివింది దీన్నే. 18వ శతాబ్దంలో స్కాట్లాండ్‌కు చెందిన జోసెఫ్ బ్లాక్ దీన్ని తేల్చాడు. కాబట్టి ఐస్ కరుగుతోందని బాధపడక్కర్లేదు, మజ్జిగలో కాకుండా గాలిలో కరిగితేనే నష్టం.

అడుగు పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తున్న దిమ్మ సుమారు పాతిక కిలోలు తూగుతుంది. దాన్ని అంగుళంపావు ముక్కలుగా కొడితే వెయ్యి దాకా వస్తాయి. బరువు అదే, గాలి తగిలే పైభాగం మాత్రం పది రెట్లవుతుంది. వేడి లోపలికి పోయే దారి ఆ పైభాగమే కాబట్టి కరగడమూ అంత జోరందుకుంటుంది. అందుకే ఆ పూటకు కావలసినంతే కొట్టుకుని మిగతాది చుట్టి పెట్టడం మేలు.

చుట్టడానికి గోనెసంచి మంచిదే, కానీ పొడిది. చాలామంది దాని మీద నీళ్లు చల్లుతారు, కూజా చల్లబడినట్టే ఐసూ చల్లగా ఉంటుందని. కూజా గోడ మీద నీళ్లు ఆవిరవుతాయి. ఐస్‌కు అంటుకున్న గోనె మాత్రం గాలిలోని తేమ మంచులా పట్టేంత చల్లగా ఉంటుంది, అక్కడ జరిగేది ఆవిరవడం కాదు, చెమ్మ పట్టడం. గ్రాము తేమ అలా నీరైతే వదిలే వేడికి ఏడు గ్రాములకు పైనే ఐస్ కరుగుతుంది! పైగా పోగుల మధ్య పొడిగాలి ఉంటే వేడి మెల్లగా పోతుంది, నీళ్లుంటే గబగబా పోతుంది. వరిపొట్టుకైనా, రంపపు పొట్టుకైనా ఇదే మాట. దిమ్మ కింద స్టీలు పళ్లెం పెట్టకండి. ముట్టుకుంటే చల్లగా అనిపించినా బయటి వేడిని ఐస్‌కు చేరవేస్తుంది. చెక్కపలక నయం, థర్మాకోల్ ఇంకా నయం. ఫ్యాన్ గాలి అసలే తగలనివ్వద్దు.

ఇక మజ్జిగ. 32 డిగ్రీలున్న పది లీటర్ల మజ్జిగ 8 డిగ్రీలకు దిగాలంటే 2.7 కిలోల ఐస్ కావాలి, అంతా మజ్జిగలోనే కరిగితే. పెద్ద ఐస్ గడ్డలైనా, పొడిగా కొట్టిన ఐసైనా లెక్క మారదు. పొడిగా కొట్టిన ఐస్ నిమిషాల్లో పని ముగిస్తుంది, పెద్ద గడ్డ గంటసేపు తేలుతుంది. జనం గ్లాసులు పట్టుకుని క్యూలో నిలబడ్డప్పుడు చిన్న ముక్కలకే నా ఓటు. అయితే మజ్జిగలో పావువంతుకు పైగా నీళ్లు చేరతాయి కాబట్టి ముందే చిక్కగా చిలకండి, ఉప్పు, అల్లం, కరివేపాకు కాస్త ఎక్కువే వేయండి. ఐస్ తాగే నీళ్లతో చేసిందని గట్టిగా తెలియకపోతే లోపల వేయనే వద్దు. బిందెను పెద్ద తొట్టిలో పెట్టి చుట్టూ ముక్కలు పోయండి. అప్పుడు ఐస్ కొంచెం ఎక్కువ పడుతుంది, కానీ మజ్జిగ పలచబడదు.

ఫ్రీజర్‌లోంచి మైనస్ 18 డిగ్రీలతో తెచ్చిన ఐస్ మేలు కదా అంటారు. మేలే, కానీ అదనంగా వచ్చే చలువ పదకొండు శాతం. దానికోసం పక్కింటివాళ్ల ఫ్రిజ్‌లు ఖాళీ చేయించక్కర్లేదు. ఉప్పు కలిపితే ఐస్, ఉప్పునీళ్ల మిశ్రమం మైనస్ 21 దాకా దిగగలదు. అది కుల్ఫీ బండివాళ్ల పని, మజ్జిగ పందిరికి వద్దు.

కరిగిన నీళ్లు పారబోయాలా అంటే, పొట్టులో దాచిన దిమ్మ కింది నీళ్లు తీసేయండి, పొట్టు తడవకుండా. నీళ్ల సీసాలు పెట్టిన తొట్టిలో మాత్రం ఉంచండి. ముక్కల సందుల్లో గాలి ఉంటే సీసాకు చలువ సరిగ్గా అందదు. ఆ సందుల్లో చల్లని నీళ్లుంటే సీసా నలువైపులా ఒకేసారి చల్లబడుతుంది.