కాటేదాన్ పక్కన మా పెరటి మట్టికి లెడ్ (సీసం) టెస్ట్ చేయించాం, ల్యాబ్ మీద నా రివ్యూ

రెండేళ్ళ కింద హైదరాబాద్‌లో కాటేదాన్ ఇండస్ట్రియల్ ఏరియా పక్కన ఒక పాత ఇల్లు కొన్నాం. వెనకాల కొంచెం ఖాళీ జాగా ఉంటే అమ్మ వచ్చిన వారంలోనే తోటకూర, గోంగూర, కొత్తిమీర చల్లేసింది. మొన్న వానలకి జామచెట్టు మొదట్లో పాదు చేస్తుంటే పారకి ఏదో తగిలింది, తీసి చూస్తే అరచేతంత బూడిదరంగు పలక, జల్లెడలాగ గళ్ళు గళ్ళుగా ఉంది, ఆ సైజుకి అంత బరువేంటో అర్థం కాలేదు, గోటితో గీస్తే గీత తళుక్కున మెరిసింది. పక్కింటి పెద్దాయన చూసి "బ్యాటరీ ప్లేటు బిడ్డా, ఎనకట ఈడ బ్యాటరీలు పగలగొట్టి లెడ్ కరిగించే షెడ్డుండె" అన్నాడు. ఆ రాత్రి నాకు నిద్ర లేదు, ఎందుకంటే మా మూడేళ్ళ పాప రోజూ ఆడుకునేది ఆ మట్టిలోనే.

ముందు నేను చేసిన పొరపాటు చెప్తా, మీకు డబ్బులు మిగులుతాయి. ఒకచోట మామూలు మట్టి పరీక్షకి ఇచ్చేశా. రైతులకిచ్చే సాయిల్ హెల్త్ కార్డులో ఉండే 12 అంశాలే అందులోనూ ఉంటాయి, నత్రజని, భాస్వరం, పొటాష్, పీహెచ్, జింక్, ఐరన్ లాంటివి. పంటకి ఏ ఎరువు వెయ్యాలో చెప్పడానికి అది మంచిదే, కానీ అందులో లెడ్ ఉండదు, కాడ్మియం ఉండదు, ఆర్సెనిక్ ఉండదు. "మీ మట్టి సారవంతం" అని రిపోర్టొచ్చింది!

తర్వాత వెళ్ళిన ప్రైవేట్ ల్యాబ్ గురించే ఈ రివ్యూ. ల్యాబుల్ని పరిశీలించి గుర్తింపిచ్చే ఎన్ఏబీఎల్ అనే జాతీయ బోర్డు గుర్తింపు దానికి ఉంది, కానీ అది ఒక్కటి చూస్తే సరిపోదండి, ఆ గుర్తింపు మట్టిలో లెడ్ పరీక్షకి కూడా ఉందా అని స్కోప్ లిస్ట్, అంటే ఏయే పరీక్షలకి గుర్తింపుందో ఆ జాబితా, అడిగి చూసుకోండి, కొన్నిచోట్ల నీళ్ళకి మాత్రమే ఉంటుంది. ఫోన్‌లో మాట్లాడినమ్మాయి చాలా ఓపికగా శాంపిల్ ఎలా తియ్యాలో చెప్పింది. పెరట్లో ఎనిమిది చోట్ల వి ఆకారంలో గుంట తీసి, ఆరంగుళాల లోతు దాకా అంచు నుంచి పలచగా చెక్కి, అంతా ప్లాస్టిక్ టబ్‌లో కలిపి, నాలుగు భాగాలు చేసి ఎదురెదురు రెండు భాగాలు పారేసి, అట్లా అర కిలో మిగిలేదాకా తగ్గించి నీడలో ఆరబెట్టాలి. పాప ఆడే మూల పైమట్టి మాత్రం వేరే కవర్లో ఇమ్మంది, ఎందుకంటే లెడ్ కిందికి దిగదు, పై పొరల్నే పట్టుకుని ఏళ్ళ తరబడి ఉంటుంది. ఈ ఒక్క సలహాకే నేను సగం మార్కులు వేసేశా.

పది రోజులకి రిపోర్టొచ్చింది. పెరట్లో కిలో మట్టికి 240 మిల్లీగ్రాముల లెడ్, పాప ఆడే మూల 410. అంతే, పక్కన ఏ లిమిటూ లేదు, ఎక్కువా తక్కువా అన్న మాట లేదు, ఇదే నా పెద్ద కంప్లైంట్. ఇల్లాళ్ళకీ ముసలివాళ్ళకీ ఆ అంకెతో ఏం తెలుస్తుంది? అమెరికాలో ఇళ్ళ దగ్గర మట్టికి 2024లో లెడ్ హద్దుని కిలోకి 400 మిల్లీగ్రాముల నుంచి 200కి తగ్గించారని నేనే వెతుక్కున్నా. మన కేంద్రం కూడా 2025లో కలుషిత స్థలాల మీద రూల్స్ తెచ్చింది. హైదరాబాద్‌లోనే ఉన్న జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ ఎన్‌జీఆర్‌ఐ సైంటిస్టులు పటాన్‌చెరు, బాలానగర్ మట్టిలో, కాటేదాన్ చెరువుల బురదలో లెడ్ లాంటి హెవీ మెటల్స్ ఎక్కువున్నాయని ఏళ్ళ కిందటే పరిశోధన పేపర్లు రాశారు, ఇల్లు కొనేటప్పుడు మాకు ఆ మాట చెప్పినోళ్ళు ఒక్కరు లేరు.

పాపకి వెంటనే రక్తంలో లెడ్ పరీక్ష చేయించాం, తక్కువే ఉంది, డాక్టర్ గారు మూడు నెలలకి మళ్ళీ చేయిద్దామన్నారు. ఆకుకూరలు పీకేశాం, అమ్మ ఏడ్చింది పాపం, ఇప్పుడు ఇటుకలు పేర్చి కింద షీటు పరిచి బయట్నుంచి తెచ్చిన ఎర్రమట్టి, పశువుల ఎరువు పోసి అందులో వేస్తోంది. ఆకుకూరలు, ముల్లంగి లాంటి దుంపలకే భయం ఎక్కువంట, వంకాయ, టమాటా, బెండకాయల్లోకి లెడ్ అంతగా ఎక్కదు, మట్టి పోయేలా కడుక్కుంటే చాలు. ఆడే మూలలో షాబాద్ బండలు పరిపించాం. చెప్పులు గుమ్మం బయటే, ఊడ్చేముందు తడిబట్ట, దుమ్ము లేవకూడదు.

ల్యాబ్‌కి నాలుగు స్టార్లు. పరీక్ష బాగా చేశారు, డౌటొచ్చి మళ్ళీ ఫోన్ చేస్తే రెండో శాంపిల్ ఇంకోసారి నడిపి అదే అంకె చూపించారు, డబ్బు కూడా తీసుకోలేదు. రిపోర్టులో హద్దులు, తెలుగులో రెండు ముక్కలు పెట్టమని మెయిల్ రాశా, ఇంకా జవాబు రాలేదు. మా లైన్‌లో ఇంకో మూడిళ్ళ వాళ్ళు శాంపిల్ కవర్లు అడిగి తీసుకున్నారు, ఆదివారం పొద్దున పార పట్టుకుని వాళ్ళ పెరళ్ళకి నేనే వెళ్తున్నా.