కుక్కపిల్ల లివర్ షంట్: ఆపరేషనా, జీవితాంతం మందులా? ఏది మేలు?

కుక్కపిల్లకు పుట్టుకతోనే లివర్ షంట్ ఉందని తేలినప్పుడు ఆ ఇంటివాళ్ల ముందు మూడు దారులు ఉంటాయి. మొదటిది ఆపరేషన్. రెండోది ఆహార నియమంతో, మందులతో జీవితాంతం నెట్టుకురావడం. మూడోది, ఎవరూ పైకి అనడానికి ఇష్టపడని కారుణ్య మరణం. మా ఇంట్లో పెరుగుతున్న షిట్జు పిల్లకు ఈ జబ్బు ఉందని తెలిశాక నేను ఈ మూడింటి గురించి డాక్టర్లను అడిగి, చదివి, తెలుసుకున్నదంతా ఇక్కడ పక్కపక్కన పెట్టి చూస్తున్నాను. డబ్బు సంగతి దాచకుండా రాస్తాను, ఎందుకంటే ఈ జబ్బులో సగం నిర్ణయాలు బిల్లు చూశాకే జరుగుతాయి.

ముందు జబ్బు సంగతి. పేగుల నుంచి వచ్చే రక్తమంతా పోర్టల్ సిర ద్వారా కాలేయంలోకి వెళ్లి, అక్కడ శుద్ధి అయిన తరువాతే ఒళ్లంతా తిరగాలి. షంట్ ఉన్న పిల్లలో ఒక అడ్డదారి రక్తనాళం ఉంటుంది. రక్తం కాలేయాన్ని తప్పించుకుని దాని గుండా నేరుగా పెద్ద సిరలో కలిసిపోతుంది. దాంతో మాంసకృత్తులు అరిగినప్పుడు పుట్టే అమ్మోనియా మెదడు దాకా చేరుతుంది, రక్తం అందని కాలేయమేమో ఎదగకుండా చిన్నగానే ఉండిపోతుంది. షిట్జు, పగ్, మాల్టీస్, యార్క్‌షైర్ టెరియర్ వంటి చిన్న జాతుల్లో ఈ అడ్డదారి సాధారణంగా కాలేయం బయట ఉంటుంది. లాబ్రడార్, గోల్డెన్ రిట్రీవర్ వంటి పెద్ద జాతుల్లో ఎక్కువగా కాలేయం లోపల ఉంటుంది. ఈ తేడాను గుర్తు పెట్టుకోవాలి, ఆపరేషన్ ఎంత కష్టమో, ఎంత ఖర్చో చాలావరకు దీన్నిబట్టే తేలుతుంది.

మా పిల్ల కోడిమాంసం కలిపిన అన్నం తిన్న గంటకో రెండు గంటలకో వంటింటి మూల గోడకు నుదురు ఆనించి కదలకుండా నిలబడిపోయేది. పేరు పెట్టి పిలిస్తే చెవి కూడా కదిపేది కాదు. కాసేపటికి తేరుకుని, ఏమీ జరగనట్టు చెప్పు నోట కరుచుకుని పరుగెత్తేది. పెరుగన్నం తిన్న రోజుల్లో ఇలా జరగలేదు. తోబుట్టువుల కన్నా చిన్నగా ఉండటం, తిన్న తరువాత మత్తుగా తూలడం, గుండ్రంగా తిరగడం, ఫిట్స్ రావడం, మూత్రంలో చిన్న రాళ్లు పడటం, మత్తుమందు ఇస్తే మామూలు కన్నా చాలా ఆలస్యంగా లేవడం ఈ జబ్బు తాలూకు ఆనవాళ్లు. అన్నీ ఒకే పిల్లలో కనిపించాలని లేదు.

ఆపరేషనా మందులా అన్న ప్రశ్న కన్నా ముందు ఇంకో పోలిక ఉంది: పరీక్షలు చేయించడమా, లివర్ సిరప్ పోసి చూడటమా? మన ఊళ్లలో ఎక్కువమంది రెండోదే చేస్తారు. సిరప్ బాటిల్ చవక, పరీక్షలు ఖరీదు. కానీ కాలేయం దెబ్బతినడానికి కారణాలు చాలా ఉన్నాయి, వాటికి చేసే చికిత్సలు ఒకదానితో ఒకటి పొసగవు. వానాకాలంలో ఎలుకల మూత్రం కలిసిన నీటి వల్ల వచ్చే లెప్టోస్పైరోసిస్‌కు వెంటనే యాంటీబయాటిక్ పడాలి, అది ఇంట్లో మనుషులకూ అంటుతుంది. టీకా వేయని పిల్లలకు వచ్చే అంటు హెపటైటిస్ వైరస్ వల్ల వస్తుంది. జ్వరం ఉందని ఎవరో మనుషుల పారాసిటమాల్ మాత్ర వేస్తే, బూజు పట్టిన మేత తింటే కూడా కాలేయం చెడుతుంది. షంట్ అనే అడ్డదారిని ఏ సిరప్పూ మూయలేదు. అందుకని చేతిలో కొద్ది డబ్బే ఉన్నా దాన్ని మొదట పరీక్షలకే పెట్టాలి.

వాటిలోనూ ఒక వరుస ఉంది. మామూలు రక్తపరీక్షలో ఆల్బుమిన్, యూరియా, కొలెస్ట్రాల్ తక్కువగా, ఎర్ర రక్తకణాలు చిన్నవిగా కనిపిస్తే అనుమానించాలి. లివర్ ఎంజైములు నార్మల్‌గా ఉన్నాయి కాబట్టి షంట్ లేదనుకోవడానికి లేదు. తరువాత చేయించాల్సింది బైల్ యాసిడ్స్ పరీక్ష, అంటే రక్తంలో పిత్త ఆమ్లాలను కొలవడం. పరగడుపున ఒకసారి, తిన్న రెండు గంటలకు ఇంకోసారి రక్తం తీస్తారు. అమ్మోనియా పరీక్షకు తీసిన రక్తం ఐసులో ఉంచి వెంటనే పరీక్షిస్తేనే ఫలితాన్ని నమ్మవచ్చు, కాబట్టి మిషన్ ఉన్న ఆసుపత్రిలోనే దాని వల్ల ఉపయోగం. బైల్ యాసిడ్స్ నమూనాను దూరంలో ఉన్న ల్యాబుకు పంపించుకోవచ్చు. అనుభవం ఉన్న చేయి అయితే అల్ట్రాసౌండ్‌లోనే అడ్డదారి కనిపిస్తుంది. రంగు ఎక్కించి తీసే సీటీ స్కాన్ అది ఎక్కడ మొదలై ఎక్కడ కలుస్తుందో స్పష్టంగా చూపిస్తుంది, కానీ దానికి మత్తు ఇవ్వాలి, ఖర్చూ ఎక్కువ. ఆపరేషన్ చేయించే ఉద్దేశం ఉంటేనే సీటీకి వెళ్లడం మంచిదని నా అభిప్రాయం. మందులతోనే సరిపెట్టుకోవాలని నిర్ణయించుకున్నవారు ఆ డబ్బును మందులకు దాచుకోవచ్చు.

ఇక మందుల దారి. ఇందులో మూడు భాగాలున్నాయి: ఆహారం, లాక్టులోజ్, యాంటీబయాటిక్. లాక్టులోజ్ అంటే మలబద్ధకానికి మనుషులు తాగే సిరప్పే, మందుల షాపుల్లో దొరుకుతుంది. ఇది పెద్దపేగులో ఆమ్లతను పెంచి అమ్మోనియాను అక్కడే కట్టిపడేసి మలంతో బయటికి పంపుతుంది. విరేచనం మెత్తగా, నీళ్లలా కాకుండా వచ్చేటట్టు డాక్టరు మోతాదు సరిచేస్తారు. మెట్రోనిడజోల్ వంటి యాంటీబయాటిక్ అమ్మోనియాను పుట్టించే బాక్టీరియాను తగ్గిస్తుంది, అయితే దాన్ని అరిగించుకోవలసింది కాలేయమే కాబట్టి మామూలు కుక్కలకు ఇచ్చే మోతాదు వీటికి పనికిరాదు. ఫిట్స్ ఉంటే లెవెటిరాసెటమ్ ఇస్తారు.

ఆహారంలో పొరపాట్లు సులువుగా జరుగుతాయి. లివర్ జబ్బుకు మేక కార్జం పెడితే బలం వస్తుందని కొందరు ఎంతో ప్రేమతో సలహా ఇస్తారు. షంట్ పిల్లకు అది విషంతో సమానం, కార్జం, ఎర్ర మాంసం తిన్న రోజే ఫిట్స్ రావచ్చు. అలాగని మాంసకృత్తులు పూర్తిగా మానిపిస్తే ఎదిగే పిల్ల కండ కరిగిపోతుంది, అదీ ప్రమాదమే. పెరుగు, పనీరు, గుడ్డు, సోయా నుంచి వచ్చే మాంసకృత్తులను ఈ పిల్లలు మాంసం కన్నా బాగా తట్టుకుంటాయి. అన్నంతో కలిపి, రోజుకు నాలుగైదు సార్లు కొద్దికొద్దిగా పెట్టాలి, ఎక్కువసేపు ఖాళీ కడుపుతో ఉంచితే చక్కెర పడిపోతుంది. కంపెనీలు అమ్మే హెపాటిక్ డైట్ (లివర్ జబ్బు ఉన్న కుక్కల కోసం తయారుచేసే ఆహారం) సులువైన మార్గమే కానీ నెలనెలా భారం. ఇంటి వంటను ఎంచుకుంటే ఖనిజాలు, విటమిన్ల లోటు లేకుండా డాక్టరు చేత కొలతలు రాయించుకోవాలి.

ఈ దారిలో ఉన్న మేలు ఏమిటంటే, చాలా పిల్లలు కొద్దిరోజుల్లోనే తేటగా మారతాయి. మా పిల్ల గోడకు తల ఆనించడం మానేసింది. ఆ మార్పు చూసిన ఇంటివాళ్లకు జబ్బు తగ్గిపోయిందనిపిస్తుంది, కానీ అడ్డదారి అలాగే ఉంటుంది, కాలేయం ఎదగదు. కొన్ని కుక్కలు మందులతోనే ఏళ్ల తరబడి హాయిగా బతుకుతాయి. మరికొన్నింటికి మందులు సరిపోని రోజు వస్తుంది.

ఆపరేషన్ చేసేది ఆ అడ్డదారిని మూయడానికి. ఒక్కసారిగా బిగించి కట్టేస్తే, అంత రక్తానికి అలవాటు లేని చిన్న కాలేయం తట్టుకోలేక పోర్టల్ సిరలో ఒత్తిడి ప్రాణం మీదకు రావచ్చు. అందుకే నెమ్మదిగా మూసుకుపోయే పద్ధతులు వచ్చాయి. అమెరాయిడ్ అనే రింగులో, ఉక్కు తొడుగు లోపల కేసీన్ అనే పాల మాంసకృత్తి ఉంటుంది. అది ఒంట్లోని తేమను పీల్చుకుని ఉబ్బుతూ కొన్ని వారాల్లో నాళాన్ని మూసేస్తుంది. సెలోఫేన్ పట్టీ చుట్టడం ఇంకో పద్ధతి. దాని చుట్టూ కణజాలం గట్టిపడి నాళం క్రమంగా మూసుకుంటుంది. కాలేయం లోపలి షంట్‌కు సిర గుండా వెళ్లి కాయిల్స్ (సన్నని లోహపు చుట్టలు) పెట్టే విధానం ఉంది, దానికి ప్రత్యేకమైన పరికరాలు, చేయి తిరిగిన నిపుణులు కావాలి. అన్ని పద్ధతుల్లోనూ ఆపరేషన్ తరువాత మూడు నాలుగు రోజులు గండం లాంటివి. ఆ వ్యవధిలో ఫిట్స్ మొదలైతే అదుపు చేయడం చాలా కష్టం, కొన్ని పిల్లలు అప్పుడే చనిపోతాయి. ఈ మాట ముందే చెప్పని సర్జన్ దగ్గర నేనైతే సంతకం పెట్టను.

ఫలితాల విషయానికి వస్తే, 2014లో అమెరికా పశువైద్య సంఘం పత్రికలో బ్రిటన్ పరిశోధకులు ప్రచురించిన అధ్యయనం ఉంది. 124 కుక్కల్లో 97కు ఆపరేషన్ జరిగింది, 27 మందుల మీదే ఉన్నాయి. ఆపరేషన్ జరిగినవి స్పష్టంగా ఎక్కువ కాలం బతికాయి. ఏ కుక్కకు ఏ చికిత్సో చీటీలు వేసి నిర్ణయించలేదు, యజమానులే ఎంచుకున్నారు కాబట్టి దీన్ని తిరుగులేని తీర్పుగా తీసుకోలేము. నాకు అంతకన్నా ముఖ్యమనిపించింది ఇంకో ఫలితం: షంట్ ఏ వయసులో బయటపడిందన్న దానికి, కుక్క ఎంతకాలం బతికిందన్న దానికి ముడి కనిపించలేదు. అంటే, రేపే కోయించకపోతే అవకాశం పోతుందన్న భయం అక్కరలేదు. మందులతో పిల్లను స్థిరపరిచి, బరువు పెంచి, ఆ లోపు డబ్బు కూడబెట్టుకుని ఆపరేషన్‌కు వెళ్లవచ్చు. ఎలాగూ ఆపరేషన్‌కు ముందు కొన్ని వారాలు మందులు వాడాల్సిందే. కాబట్టి మందులను ఆపరేషన్‌కు పోటీగా కాక, దానికి ముందు దశగా చూడటం సరైనదని నేను గట్టిగా నమ్ముతున్నాను.

డబ్బు లెక్క కూడా ఇదే చెబుతుంది. మందులకు, ఆహారానికి, అప్పుడప్పుడు రక్తపరీక్షలకు నెలకు 4,000 రూపాయలు అవుతుందనుకుంటే ఏడాదికి 48,000, పదేళ్లకు 4,80,000. మధ్యలో ఫిట్స్ వచ్చి అడ్మిట్ చేయాల్సి వస్తే అది అదనం. ఆపరేషన్ ఖర్చు ఒక్కసారిగా మీద పడుతుంది కాబట్టి పెద్దదిగా కనిపిస్తుంది. జాగ్రత్త ఏమిటంటే, ఆపరేషన్ అయ్యాక కూడా కొన్ని వారాలు, నెలలు మందులు ఉంటాయి, కొన్ని కుక్కలకు అవి ఆగనే ఆగవు. ఆసుపత్రిలో ఖర్చు అంచనా అడిగేటప్పుడు సీటీ, రింగు, ఐసీయూ రోజులు, ఫిట్స్ వస్తే అయ్యే ఖర్చు, తరువాతి పరీక్షలు విడివిడిగా రాసి ఇమ్మనాలి. పెట్ ఇన్సూరెన్స్ మీద ఆశ పెట్టుకోకూడదు. పుట్టుకతో వచ్చిన జబ్బులను, పాలసీకి ముందే బయటపడిన జబ్బులను సాధారణంగా మినహాయిస్తారు.

చేయించేది ఎక్కడ? హైదరాబాద్‌లో రాజేంద్రనగర్ వెటర్నరీ కాలేజీ, నారాయణగూడలో ప్రభుత్వ సూపర్ స్పెషాలిటీ పశువైద్యశాల, గన్నవరంలో, తిరుపతిలో కాలేజీలు, చెన్నై వేపేరిలో 1903 నాటి మద్రాస్ వెటర్నరీ కాలేజీ మనవారికి అందుబాటులో ఉన్నాయి. కాలేజీ ఆసుపత్రిలో మెడిసిన్, సర్జరీ, స్కానింగ్ విభాగాలు ఒకే చోట ఉంటాయి, ఫీజు తక్కువ. అయితే పొద్దున్నే వెళ్లి ఓపీ చీటీ కోసం నిలబడాలి, కొన్ని మందులు బయట కొనాలి. ప్రైవేటులో రాత్రిపూట కూడా సెలైన్ ఎక్కించేవాళ్లు, పిల్ల పక్కన కూర్చునేవాళ్లు దొరుకుతారు, బిల్లు ఆ మేరకు ఉంటుంది. ఫిట్స్ వచ్చిన రాత్రి దగ్గరలో ఏది తెరిచి ఉంటే అక్కడికి పరుగెత్తాలి. పరీక్షలకు, రెండో అభిప్రాయానికి కాలేజీ మేలు. ఆపరేషన్‌కు మాత్రం ఊరు, ఫీజు కన్నా ఒక్క ప్రశ్నే ముఖ్యం: ఈ సర్జన్ ఇప్పటిదాకా ఎన్ని షంట్లు చేశారు, వాటిలో ఎన్ని పిల్లలు ఇంటికి వెళ్లాయి? అలాంటి అనుభవం ఉన్నవారు మన తెలుగు రాష్ట్రాల్లో దొరకకపోతే చెన్నైకో బెంగళూరుకో వెళ్లడం నయం.

"ఆ డబ్బుతో ఇంకో పిల్లను కొనుక్కోవచ్చు కదమ్మా" అని మా పెద్దనాన్న అన్నారు. ఆయన చెడ్డ మనసుతో అనలేదు, ఖర్చు ఇంటి మీద పడుతుందన్న బాధతో అన్నారు. పిల్లల ఫీజులు, ఇంటి అద్దె ఉన్న కుటుంబం అప్పు చేసి మరీ ఆపరేషన్ చేయించాలని నేను అనను. అలాంటివారు మందుల దారిని శ్రద్ధగా పాటిస్తే పిల్లకు చేయగలిగినంత చేసినట్టే. మందులు సరిగా పడుతున్నా ఫిట్స్ ఆగక, తిండి మాని, మనుషులను గుర్తుపట్టని స్థితి వస్తే, ఆపరేషన్ వీలుకాదని డాక్టర్లు తేల్చి చెబితే, అప్పుడు కారుణ్య మరణం గురించి అడగడంలో పాపం లేదు. డబ్బు లేదన్న ఒక్క కారణంతో, లాక్టులోజ్ కూడా పోసి చూడకుండా మొదటి వారంలోనే ఆ మాట తేవడం మాత్రం తొందరపాటు.

ఏ దారి ఎంచుకున్నా పిల్లను అమ్మినవారికి ఫోన్ చేసి సంగతి చెప్పాలి. ఈ జబ్బు కొన్ని జాతుల్లో వంశపారంపర్యంగా వస్తుంది కాబట్టి తోబుట్టువులకు బైల్ యాసిడ్స్ పరీక్ష చేయించమనాలి, అదే జంటకు మళ్లీ పిల్లలు పుట్టించవద్దని అడగాలి. 2017 నాటి కేంద్ర నిబంధనల ప్రకారం ఎనిమిది వారాలు నిండని పిల్లను అమ్మకూడదు. నెల నిండగానే అమ్మేసే పిల్లల్లో ఎదుగుదల తేడా పోల్చి చూడటానికి పక్కన తోబుట్టువులు ఉండవు, జబ్బు బయటపడటం ఆలస్యం కావచ్చు.