రెండు పళ్ల నుంచి సీనియర్స్ దాకా: చైనా వెబ్ నవలల యాప్‌ల సమీక్ష

ఒంగోలు గిత్తల బండలాగుడు పోటీలు చూసినవాళ్లకు షియాన్‌షియా నవల, అంటే సాధనతో మెట్టు మెట్టుగా శక్తి పెంచుకునే హీరోల చైనా ఫ్యాంటసీ, సగం అర్థమైపోయినట్టే. అక్కడ పళ్లను బట్టి గిత్తల విభాగాలు: పాలపళ్లు, రెండు పళ్లు, నాలుగు పళ్లు, ఆరు పళ్లు, ఆపైన సీనియర్స్. విభాగం మారిందంటే బండ బరువు మారిందని అర్థం. చైనా ఫ్యాంటసీలో సాధకుడు ఎక్కే మెట్లూ అలాంటివే: క్వి కండెన్సేషన్, ఫౌండేషన్ ఎస్టాబ్లిష్‌మెంట్, గోల్డెన్ కోర్, నాసెంట్ సోల్. ఒక్కో మెట్టులో మళ్లీ తొలి, మధ్య, చివరి దశలు. మొదటి మెట్టులో అయితే రచయితను బట్టి తొమ్మిదో పదమూడో పొరలు. మన హీరో రెండు పళ్ల గిత్తయి ఉండి ఆరు పళ్ల బండకు కాడి కడతాడు. జనం చదివేది ఆ లాగుడు కోసమే.

ఈ మెట్లు ఊరికే పెట్టిన పేర్లు కావు. మూలం తావో సాధకుల అంతర రసవాదం. బొడ్డు కింద దాంతియాన్ అనే చోట శ్వాసతో తెచ్చిన శక్తిని నాడుల గుండా తిప్పి నిల్వ చేస్తారు. చాలా నవలల్లో అది మొదట ఆవిరి, తర్వాత ద్రవం, ఆ తర్వాత గట్టిపడి గోళీ (అదే గోల్డెన్ కోర్), చివరికి ఆ గోళీలోంచి సాధకుడి రూపంలోనే ఒక పసిబిడ్డ (అదే నాసెంట్ సోల్). ఒళ్లు పోయినా ఆ బిడ్డ తప్పించుకుని ఇంకో దేహంలో దూరుతుంది. పరకాయ ప్రవేశం తెలిసిన మనకు దీన్ని ఎవరూ విడమరచి చెప్పక్కర్లేదు. పెద్ద మెట్టు ఎక్కేటప్పుడు పైనుంచి పిడుగులు పడతాయి, తట్టుకుంటే బతుకు, లేకపోతే బూడిద.

విఠలాచార్య మార్కు మాయలకీ వీటికీ తేడా లెక్కలో ఉంది. ఇక్కడ మంత్రానికి ఖర్చు రాస్తారు. ఆ లోకంలో డబ్బంటే స్పిరిట్ స్టోన్లనే రాళ్లు, ఒక మధ్యరకం రాయికి సాధారణంగా వంద నాసిరకం రాళ్లు. హీరో దగ్గర ముప్పై ఉంటాయి, శక్తి పెంచే మాత్ర కావాలంటే మూడొందలు. మూలికలు తెచ్చి తనే కాచుకుంటే మొదటి ఏడు వాయిలు మాడిపోతాయి, ఎనిమిదో వాయిలో రెండు మాత్రలు దక్కుతాయి, అందులో ఒకటి నాసి. నలభయ్యో అధ్యాయంలో పారేయకుండా దాచిన ఆకు మూడొందలో అధ్యాయంలో ప్రాణం నిలబెడుతుంది. పాఠకుడికి మజా ఇచ్చేది ఈ జమాఖర్చే. పద్దు తప్పే రచయిత ఎంత పెద్ద యుద్ధం రాసినా రుచి ఉండదు.

వేలంపాట అధ్యాయాలు మరీ రుచి. టంగుటూరు, కొండపి పొగాకు వేలం కేంద్రాల్లో బేలు ముందు నిలబడ్డవాళ్లకు ఆ ఉత్కంఠ తెలుసు. నవలలో అయితే ఎవరూ పాడని ‘నోబిడ్’ సరుకులోనే అసలు వస్తువు దొరుకుతుంది. హీరో దాన్ని పది రాళ్లకు కొట్టేస్తాడు. గొప్పింటి కుర్రాడొకడు వెటకారం చేస్తాడు, పది అధ్యాయాల తర్వాత వాడి చెంప పగులుతుంది. ఈ ‘చెంపదెబ్బ’ చైనా పాఠకులు వాడే మాటే. అది తగిలినప్పుడు వచ్చే హాయిని వాళ్లు ‘ష్వాంగ్’ అంటారు.

ఇక యాప్‌లు. ఇంగ్లీషులో చదవడానికి పేరున్నవి రెండు. వుషియావరల్డ్ 2014 డిసెంబరులో ‘కాయిలింగ్ డ్రాగన్’ అనువాదంతో మొదలైంది. ఆ నవల 800 పైచిలుకు అధ్యాయాల్లో ముగిసిపోయింది, కొత్తవాళ్లకు అందుకే మంచిది. ఈ యాప్ కొన్ని నవలల్ని కాచుకుని కూర్చుంటే రోజుకింత చొప్పున ఉచితంగా తెరుస్తుంది, ఆగలేకపోతే ‘కర్మ’ కొనుక్కోవాలి. అవును, అక్కడ డబ్బు పేరే కర్మ. వెబ్‌నావెల్ 2017లో వచ్చింది. చైనాలో చిదియన్ సైటు నడిపే చైనా లిటరేచర్ కంపెనీది. పుస్తకాలు కుప్పలు, అనువాదం నాణ్యత మాత్రం పుస్తకానికో తీరు.

వెబ్‌నావెల్‌లో కొత్తవాళ్లు తప్పటడుగు వేసేది మూడు చోట్ల. పవర్ స్టోన్లు నచ్చిన నవలకు ఓటు వేయడానికే, వాటితో తాళం వేసిన అధ్యాయం తెరుచుకోదు. తెరిచేవి డబ్బుతో కొనే నాణేలు, లేదా రోజువారీ హాజరుతో వచ్చే ఫాస్ట్ పాస్‌లు. ముందస్తు అధ్యాయాలకు ‘ప్రివిలేజ్’ అని వేరే కొనుగోలు ఉంది. అది నెలాఖరుకు ముగుస్తుంది, 28న కొన్నవాడికి మిగిలేది రెండు మూడు రోజులే. అన్నిటికన్నా ముఖ్యం, ఉచిత అధ్యాయాలు అయిపోయే లోపే ఒక గుణకారం చేయడం. అధ్యాయానికి పది నాణేలనుకుంటే 1,400 అధ్యాయాలకు 14,000 నాణేలు. నాణేల పొట్లం ధరతో దాన్ని రూపాయల్లోకి మార్చి చూస్తే, చదవాలా వద్దా అన్నది అప్పుడే తేలుతుంది.

టైము లెక్క కూడా వేసుకోండి. ఒక అధ్యాయం ఇంగ్లీషులో దాదాపు 1,500 పదాలు, ఏడెనిమిది నిమిషాలు. నెల్లూరులో పినాకిని ఎక్కి ఒంగోల్లో దిగేలోపు పది పన్నెండు అవుతాయి. రైల్లో సిగ్నల్‌ని నమ్ముకోకుండా స్టేషన్లోనే డౌన్‌లోడ్ చేసుకోవాలి. ఉట్టి అక్షరాలే కాబట్టి డేటా ఖర్చు లెక్కలోకి రాదు.

సాగతీత ఎందుకుంటుందో తెలిస్తే కోపం తగ్గుతుంది. చిదియన్ 2003లోనే డబ్బు కట్టి చదివే పద్ధతి పెట్టింది. అక్కడ ధర వెయ్యి అక్షరాలకు ఇంత అని. రోజూ తప్పకుండా అధ్యాయం పెట్టాలన్న ఒత్తిడి వేరే. అందుకే హీరో కత్తి దూశాక చుట్టూ ఉన్న పన్నెండు మంది నోళ్లు తెరిచి ఆశ్చర్యపోవడం మూడు పేజీలు నడుస్తుంది. చైనావాళ్లు దీన్ని నీళ్లు కలపడం అంటారు, మన పాలవాడి భాషే. చదవాల్సిన తీరు కూడా దానికి తగ్గట్టే: జనం ఆశ్చర్యపోయే పేరాలు దాటేయండి, మాత్రలు, రాళ్లు, ఒప్పందాలు ఉన్న పేరాలు మాత్రం దాటకండి. తర్వాత కథ ముడిపడేది వాటితోనే.

తెలుగులో చదువుదామని ఫోన్లో యంత్రానువాదం పెట్టుకునేవాళ్లకు ఒక మాట. చైనీసులో క్రియకు లింగం లేదు, కర్తను చాలాసార్లు వదిలేస్తారు. మనకు ‘వచ్చాడు’, ‘వచ్చింది’ తేలాలి. యంత్రం ఊహించి రాస్తుంది, గురువుగారు ఒకే పేరాలో ఆయనగా లేచి ఆమెగా కూర్చుంటారు. పీక మీద కత్తి పెట్టినవాడు ‘మీరు మరణాన్ని కోరుకుంటున్నారు’ అని మర్యాదగా సెలవిస్తాడు. పరువు నిలపమని అడిగితే ‘నాకు ముఖం ఇవ్వండి’ అని వస్తుంది. ‘సీనియర్ బ్రదర్’ అని కనబడ్డచోట అన్నా అని చదువుకుంటే వాక్యం దారికొస్తుంది. నవ్వుకోవడానికి బాగానే ఉంటుంది గానీ వెయ్యి అధ్యాయాలు ఇలా నెట్టడం కష్టం. ఇంగ్లీషు ఓ మోస్తరుగా వచ్చినా మనిషి చేసిన అనువాదమే మేలు.

డబ్బు ఆపాల్సిన చోటు కూడా ఉంది. సగం కథ అయ్యాక హీరో ‘పై లోకానికి’ వెళ్తాడు. అక్కడ నాసెంట్ సోల్ సాధకులు వాకిళ్లు ఊడుస్తుంటారు. అంటే సీనియర్స్ గెలిచిన గిత్తని మళ్లీ పాలపళ్ల విభాగంలో కట్టారన్నమాట. కొత్త రాళ్లు, కొత్త మాత్రలు, అదే గొప్పింటి కుర్రాడు వేరే పేరుతో. పాత స్నేహితులు, పాత పగలు వెంట వస్తే ఇంకో యాభై అధ్యాయాలకు నాణేలు పెట్టొచ్చు. వాళ్లందరినీ కింది లోకంలోనే వదిలేసి వచ్చాడా, అక్కడే యాప్ మూసేసి పూర్తయిన ఇంకో నవల మొదటి అధ్యాయం తెరవండి.